ఇంట్లో ఫ్లాష్ చేసిన స్మార్ట్ స్విచ్‌లను హోమ్ అసిస్టెంట్‌కు కలపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో మా ఇంట్లో పదిహేడు స్విచ్‌లు, ప్లగ్‌లు బయటి సర్వర్‌తో సంబంధం లేకుండా నడుస్తున్నాయి. వాటన్నిటినీ ఒక్కచోట నుంచి నడిపేది హోమ్ అసిస్టెంట్, మన ఇంట్లోనే ఒక కంప్యూటర్ మీద ఉండే ఉచిత సాఫ్ట్‌వేర్. వాటిని చూసిన చుట్టాలు, కాలనీవాళ్ళు, మా తమ్ముడి కాలేజీ దోస్తులు మళ్ళీ మళ్ళీ అడిగిన ప్రశ్నలివి. పరకాల నుంచి, హుజూరాబాద్ నుంచి ఫోన్ చేసి అడిగినవాళ్ళూ ఉన్నారు. అందుకే ఒక్కచోట రాసి పెడుతున్నాను. ముందుగా ఒక మాట. ఇదంతా 230 వోల్టుల దగ్గర చేసే పని. వైరింగ్ అలవాటు లేకపోతే బోర్డు విప్పే పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌కు అప్పజెప్పి, కంప్యూటర్ పని మాత్రం మీరు చూసుకోండి.

ఫ్లాష్ చేయడం అంటే ఏంటి? కంపెనీ యాప్‌తో బాగానే నడుస్తోంది కదా?

వైఫై ప్లగ్ లోపలి చిప్‌లో కంపెనీ రాసిన ప్రోగ్రాం ఉంటుంది. మీరు ఫోన్‌లో నొక్కితే ఆ కబురు చాలావరకు మీ ఇల్లు దాటి, ఎక్కడో ఉన్న సర్వర్‌కు పోయి, తిరిగొచ్చి మీ గోడ మీది లైటును వెలిగిస్తుంది. ఆ ప్రోగ్రాం తీసేసి టాస్మోటా, ఈఎస్‌పీహోమ్ లాంటి ఉచిత ఫర్మ్‌వేర్ (చిప్ లోపలి ప్రోగ్రాం) ఎక్కించడమే ఫ్లాష్ చేయడం. ఆ తర్వాత కబురు ఇంటి రౌటర్ దాటి బయటికి పోదు.

నేను ఈ పని మొదలుపెట్టింది మా బాపు కోసం. ఆయనకు మోకాళ్ళ నొప్పులు, రాత్రిపూట లేవడం కష్టం. మంచం దగ్గర నుంచే లైటు వేసుకునేలా ఒక స్మార్ట్ ప్లగ్ పెట్టాను. ఒక వానాకాలం కాలనీలో ఫైబర్ వైరు తెగి రెండు రోజులు నెట్ రాలేదు. మూడడుగుల దూరంలో ఉన్న లైటును ఆర్పడానికి ఆయన గోడ పట్టుకుని లేచాడు. వైఫై ఉంది, ప్లగ్ ఉంది, ఫోన్ ఉంది, లేనిది బయటి సర్వర్ ఒక్కటే. ఆ వారమే సోల్డరింగ్ ఐరన్ కొన్నాను.

నా దగ్గరున్న ప్లగ్ ఫ్లాష్ అవుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

లోపలి చిప్‌ను బట్టి తెలుస్తుంది. ఎస్‌ప్రెసిఫ్ కంపెనీ తయారుచేసే ఈఎస్‌పీ8266, ఈఎస్‌పీ8285, ఈఎస్‌పీ32 చిప్‌లు ఉంటే టాస్మోటా, ఈఎస్‌పీహోమ్ రెండూ ఎక్కుతాయి. ఒకప్పుడు టుయా అనే కంపెనీ ఏర్పాటు మీద నడిచే, ఈఎస్‌పీ చిప్‌లున్న ప్లగ్‌లను విప్పకుండానే గాలిలోంచి మార్చే పద్ధతి, టుయా-కన్వర్ట్ అని, ఉండేది. తర్వాత కంపెనీ ఆ దారి మూసేసింది. పైగా ఇప్పుడు వచ్చే చాలా టుయా సరుకులో ఈఎస్‌పీ చిప్ బదులు బీకెన్ వాళ్ళ బీకే7231 రకం ఉంటోంది. దాని మీద టాస్మోటా నడవదు. అలాంటివాటికి ఓపెన్‌బీకెన్ ఉంది, లేదా లిబ్రెటైనీ ద్వారా ఈఎస్‌పీహోమే ఎక్కించవచ్చు. ఒకే మోడల్ నంబరుతో రెండు బ్యాచ్‌లలో రెండు రకాల చిప్‌లు రావడం మామూలే, కాబట్టి ఒకటి కొని విప్పి చూడండి. మూత తీస్తే చిన్న మాడ్యూల్ కనబడుతుంది, చాలావాటికి వెండిరంగు మెటల్ కప్పు ఉంటుంది, మాడ్యూల్ మీదే పేరు రాసి ఉంటుంది. అది చూశాకే మిగతా పదీ కొనండి.

ఫ్లాష్ చేసే పద్ధతి ఒకసారి వివరంగా చెప్పండి.

కావలసినవి: యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే చిన్న అడాప్టర్ (సీపీ2102 లేదా సీహెచ్340 చిప్ ఉన్నది), నాలుగైదు జంపర్ వైర్లు, సన్న మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్, క్రోమ్ లేదా ఎడ్జ్ బ్రౌజర్ ఉన్న కంప్యూటర్.

ఒక్క విషయంలో మాత్రం మిమ్మల్ని బతిమాలుకుంటాను. ప్లగ్ గోడ సాకెట్‌లో ఉండగా యూఎస్‌బీ వైరు కలపొద్దు, ఒక్క క్షణం కూడా. చాలా ప్లగ్‌లలో, ముఖ్యంగా యూనిట్లు కొలిచేవాటిలో, చిప్ గ్రౌండ్ మన ఇంటి కరెంటు నుంచి వేరుగా ఉండదు. అంటే 230 వోల్టులు నేరుగా మీ ల్యాప్‌టాప్‌లోకి, దాన్ని పట్టుకున్న మీ చేతిలోకి వస్తాయి. చిప్‌కు కావలసిన కరెంటు అడాప్టర్ నుంచే ఇవ్వాలి, అదీ 3.3 వోల్టులు. అడాప్టర్ మీద 5 వోల్టుల జంపర్ ఉంటే ముందు దాన్ని మార్చండి, లేదంటే చిప్ పోతుంది.

వైర్లు ఇలా కలపాలి. 3.3కు 3.3, గ్రౌండ్‌కు గ్రౌండ్. అడాప్టర్ టీఎక్స్‌ను (పంపే కాలు) చిప్ ఆర్‌ఎక్స్‌కు (అందుకునే కాలు), ఆర్‌ఎక్స్‌ను టీఎక్స్‌కు, అంటే అడ్డంగా. జీపీఐఓ0 అనే పిన్‌ను గ్రౌండ్‌కు తాకించి పట్టుకుని, అప్పుడు యూఎస్‌బీ గుచ్చాలి. ఆ ఒక్క క్షణంలో చిప్ ‘నన్ను కొత్తగా రాయండి’ అనే స్థితిలోకి వస్తుంది. చాలా స్విచ్‌లలో ముందున్న బటన్ ఈ జీపీఐఓ0కే కలిసి ఉంటుంది కాబట్టి బటన్ నొక్కిపట్టి గుచ్చినా సరిపోతుంది. మొదటిసారి నాకు ఆరుసార్లు రాలేదు. కారణం ఆర్‌ఎక్స్ కాలు దగ్గర సోల్డర్ సరిగా అతుక్కోకపోవడం. భూతద్దం పెట్టి చూస్తే బొట్టు పైకి మెరుస్తూనే ఉంది, కింద మాత్రం వెంట్రుకవాసి సందు. మళ్ళీ వేడి చేస్తే బొట్టు కుదురుకుంది, వెంటనే పనైంది.

రాసేముందు పాత ప్రోగ్రాంను ఈఎస్‌పీటూల్‌తో చదివి ఫైలుగా దాచుకోండి. ఎప్పుడైనా వెనక్కి పోవాలంటే అదొక్కటే దారి. తర్వాత టాస్మోటా వెబ్ ఇన్‌స్టాలర్ పేజీ తెరిచి, పోర్టు ఎంచుకుని, పాతది చెరిపేయమని టిక్ పెట్టి ఎక్కించండి. అయిపోయాక వైర్లన్నీ తీసి, మూత బిగించి, అప్పుడే గోడకు పెట్టాలి. ఫోన్ వైఫై జాబితాలో టాస్మోటా పేరుతో ఒక నెట్‌వర్క్ కనబడుతుంది. దానికి కలిసి 192.168.4.1 తెరిస్తే మీ ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది.

వారంటీ పోతుందా?

పోతుంది. మూత విప్పిన వస్తువును తిరిగి ఇవ్వకండి.

టాస్మోటా మంచిదా, ఈఎస్‌పీహోమా?

రెండూ వాడుతున్నాను. టాస్మోటాలో వస్తువుకే సొంత వెబ్ పేజీ ఉంటుంది, సెట్టింగులు అక్కడే మార్చుకోవచ్చు. హోమ్ అసిస్టెంట్ లేకపోయినా టైమర్లు, రూల్స్ నడుస్తాయి. కొన్న ప్లగ్‌లకు, స్విచ్‌లకు ఇదే తేలిక. ఈఎస్‌పీహోమ్‌లో ఒక ఫైలులో మనకేం కావాలో రాసి, దాన్నుంచి ఫర్మ్‌వేర్ తయారు చేయించుకుంటాం. ట్యాంకు నీటిమట్టం కొలిచేది, తలుపు తెరిస్తే చెప్పేది ఇలా చేత్తో కట్టుకునే సెన్సర్లకు అదే హాయి. ఎంక్యూటీటీ అనే మధ్యవర్తి పద్ధతి (దాని సంగతి కింద చెబుతాను) అక్కర్లేకుండా నేరుగా హోమ్ అసిస్టెంట్‌తో మాట్లాడుతుంది కూడా.

ఈఎస్‌పీహోమ్ వాడేవాళ్ళకు ఒక హెచ్చరిక. హోమ్ అసిస్టెంట్ పదిహేను నిమిషాలు కనబడకపోతే వస్తువు తనంతట తాను రీబూట్ అయ్యేలా ముందే పెట్టి ఉంటుంది. సెన్సర్‌కైతే పర్వాలేదు. లైటు రిలే (లోపల కరెంటును కలిపే, తెంచే స్విచ్) మీదైతే హోమ్ అసిస్టెంట్ ఆగిపోయిన రోజు ప్రతి పావుగంటకూ లైటు ఆరి వెలుగుతుంది. మీరు రాసిన ఫైలులోని ఏపీఐ భాగంలో రీబూట్ టైమవుట్‌ను 0 సెకన్లు అని రాస్తే ఆ రీబూట్ ఆగుతుంది.

హోమ్ అసిస్టెంట్ దేని మీద నడపాలి?

రాస్ప్‌బెరీ పై 4 అనే చిన్న కంప్యూటర్ చాలు, మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాప్ అయినా చాలు. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది కాబట్టి మన కరెంటు కోతలకు అదే మేలంటాను. రాస్ప్‌బెరీ పై అయితే మెమరీ కార్డు బదులు ఎస్‌ఎస్‌డీ పెట్టండి, కరెంటు పోయిన ప్రతిసారీ కార్డు పాడయ్యే భయం ఉండదు.

టాస్మోటా ఎక్కింది. ఇప్పుడు హోమ్ అసిస్టెంట్‌లోకి ఎలా రావాలి?

మధ్యలో ఒక పోస్టాఫీసు కావాలి. వస్తువులు తమ కబుర్లు అక్కడ వేస్తాయి, హోమ్ అసిస్టెంట్ అక్కడి నుంచి తీసుకుంటుంది. ఆ పద్ధతి పేరు ఎంక్యూటీటీ, ఆ పోస్టాఫీసును బ్రోకర్ అంటారు. హోమ్ అసిస్టెంట్‌లో మస్కీటో బ్రోకర్ అనే ప్రోగ్రాం వేసుకోండి. వస్తువుల కోసమే వేరే యూజర్‌ను తయారు చేయండి, మీ సొంత లాగిన్ ఇవ్వకండి. తర్వాత టాస్మోటా పేజీలో ఎంక్యూటీటీ సెట్టింగులు తెరిచి హోస్ట్ దగ్గర హోమ్ అసిస్టెంట్ ఐపీ అడ్రస్, పోర్టు 1883, ఆ యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి. హోస్ట్ దగ్గర ‘డాట్ లోకల్’తో ముగిసే పేరు ఇస్తే మామూలు టాస్మోటాకు అది అర్థం కాదు, అంకెలే ఇవ్వాలి. అందుకే హోమ్ అసిస్టెంట్‌కు రౌటర్‌లో స్థిరమైన ఐపీ కేటాయించడం ముందే చేయండి. లేకపోతే ఒకరోజు రౌటర్ ఆ అంకె మార్చేస్తుంది, పదిహేడు వస్తువులూ ఒక్కసారే మాయమవుతాయి.

ఇవన్నీ సరిగా ఉంటే హోమ్ అసిస్టెంట్ తనే టాస్మోటాను కనిపెట్టి, కలుపుకోమంటారా అని అడుగుతుంది. అడగకపోతే టాస్మోటా పేజీలోని కన్సోల్‌లో (ఆజ్ఞలు టైపు చేసే చోటు) సెట్‌ఆప్షన్19 విలువ 0 ఉందా చూడండి. పాత గైడ్లలో 1 పెట్టమని ఉంటుంది, అది వెనకటి పద్ధతి.

ఇంకో తప్పు చాలామంది దగ్గర చూశాను. ఒక స్విచ్‌కు చేత్తో టాపిక్ (పోస్టాఫీసులో దాని చిరునామా) పేరు పెట్టి, ఆ సెట్టింగులనే బ్యాకప్ తీసి రెండోదాంట్లో పోస్తారు. రెండింటికీ ఒకే టాపిక్ అవుతుంది. వంటింటి లైటు వేస్తే దేవుడి గదిలోనూ వెలుగుతుంది. ఇంటి పేరు ఒకటైనా తలుపు నంబరు వేరుండాలి కదా, టాపిక్ కూడా అంతే.

వస్తువు మాటిమాటికీ ‘అన్‌అవైలబుల్’ అంటోంది.

నూటికి తొంభై సార్లు వైఫై లోపమే. ఈఎస్‌పీ8266 చిప్‌లు 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి. 2.4కూ 5కూ ఒకే పేరున్న రౌటర్లలో తడబడితే 2.4కు వేరే పేరు పెట్టండి. వాకిట్లో ఉన్న రౌటర్ నుంచి రెండు గోడలు, ఒక స్లాబు దాటి బంగ్లా మీద ట్యాంకు దాకా సిగ్నల్ పోవాలంటే మధ్యలో ఇంకో యాక్సెస్ పాయింట్ పెట్టాల్సిందే. నెట్ కనెక్షన్‌తో ఉచితంగా వచ్చే కొన్ని రౌటర్లు ఇరవై ముప్పై వస్తువులు కలవగానే చేతులెత్తేస్తాయి. స్విచ్‌లు ఎక్కువైతే సొంత రౌటర్ కొనక తప్పదు.

కరెంటు పోయి వస్తే ఏమవుతుంది?

మన దగ్గర అన్నిటికన్నా ముందు ఆలోచించాల్సింది ఇదే. నేను నేర్చుకున్నది ఒక జూన్ రాత్రి.

తొలకరి గాలివాన. కరెంటు వస్తోంది, పోతోంది, మళ్ళీ వస్తోంది. పది నిమిషాలకు అది కుదురుకుంది గానీ వంటింటి లైటు వెలగలేదు. అమ్మ స్విచ్ నొక్కుతోంది, రిలే ‘టక్’మనడం లేదు. బాత్రూం లైటూ అంతే, వెనక దర్వాజ దగ్గరిదీ అంతే. ఫోన్ తీసి వైఫై జాబితా చూస్తే టాస్మోటా పేరుతో మూడు కొత్త నెట్‌వర్కులు. ఆ మూడూ ఉన్న సెట్టింగులన్నీ మరిచిపోయి, అప్పుడే ఫ్లాష్ చేసినట్టు కూర్చున్నాయి. ఏ పిన్‌కు బటన్ ఉందో, ఏ పిన్‌కు రిలే ఉందో కూడా వాటికి గుర్తు లేదు. అందుకే గోడ స్విచ్ కూడా పనిచేయలేదు. అమ్మ చీకట్లో తడుముకుంటుంటే నాకు చాలా బాధేసింది.

టాస్మోటాలో ఒక ఏర్పాటు ఉంది. పాస్‌వర్డ్ మరిచిపోయి వస్తువు చేజారితే, పది సెకన్లకన్నా తక్కువ వ్యవధితో ఆరుసార్లు కరెంటు తీసి వేసి, ఏడోసారి వదిలేస్తే మొదటి స్థితికి వెళ్తుంది. మంచి ఉద్దేశంతోనే పెట్టారు. కానీ గాలివానకు మన స్తంభం దగ్గర జరిగేది అచ్చంగా అదే. కన్సోల్‌లో సెట్‌ఆప్షన్65 విలువను 1 చేస్తే ఈ ఏర్పాటు ఆగిపోతుంది. ఆపినా భయం లేదు, స్విచ్ మీది బటన్‌ను 40 సెకన్లు నొక్కిపట్టి రీసెట్ చేసే దారి ఇంకా ఉంటుంది. దయచేసి ప్రతి కొత్త వస్తువుకూ గోడలో బిగించే ముందే ఇది చేయండి.

రెండోది పవర్‌ఆన్‌స్టేట్. కరెంటు వచ్చాక రిలే ఏ స్థితిలో ఉండాలో అది చెబుతుంది. 0 అంటే ఆఫ్, 1 అంటే ఆన్, 3 అంటే పోయేముందు ఎలా ఉందో అలా. లైట్లకు 3 ఉంచాను. గీజరుకు, మోటరుకు తప్పకుండా 0. నల్లా నీళ్ళు సంపులోకి వచ్చే వేళ మోటరు వేశారు, కరెంటు పోయింది, మీరు పెళ్ళికి వెళ్ళారు, కరెంటు వచ్చింది అనుకోండి. 0 లేకపోతే ట్యాంకు నిండి పొర్లుతూనే ఉంటుంది.

మూడోది, రౌటర్‌ను, హోమ్ అసిస్టెంట్‌ను ఇన్వర్టర్ లైను మీద పెట్టండి. అప్పుడు ఇంకో సౌకర్యం దొరుకుతుంది. ఇన్వర్టర్ లేని లైనులో ఒక ప్లగ్ ఉంచితే, కరెంటు పోగానే అది మాట్లాడటం మానేస్తుంది. టాస్మోటా మామూలు సెట్టింగుతో ముప్పావు నిమిషంలో బ్రోకర్ దాన్ని ‘ఆఫ్‌లైన్’ అని ప్రకటిస్తుంది. దాన్ని ఆధారం చేసుకుని ‘కరెంటు పోయింది’ అని ఫోన్‌కు కబురు పంపించుకోవచ్చు. ఊళ్ళో ఉన్న మా చిన్నాయన కోళ్ళ షెడ్డుకు ఇదే పెట్టిచ్చాను. ఎండాకాలం ఫ్యాన్లు ఆగితే ఆయనకు వెంటనే తెలియాలి.

అర్ధరాత్రి లైటు దానంతట అదే వెలిగింది. ఏంటిది?

‘రిటైన్’ (దాచి ఉంచు) అనే గుర్తుతో పోయిన ఆజ్ఞ బ్రోకర్‌లో ఉండిపోయి ఉంటుంది. అలాంటి చివరి ఆజ్ఞను బ్రోకర్ దాచుకుని, వస్తువు తిరిగి కలిసిన ప్రతిసారీ దాన్నే వినిపిస్తుంది. టాస్మోటాలో బటన్‌రిటైన్, స్విచ్‌రిటైన్, పవర్‌రిటైన్ సెట్టింగులను 0 చేసి, బ్రోకర్‌లో దాచి ఉన్న పాత కబురును కూడా తుడిచేయండి.

నెట్ లేకుండా ఏవేవి నడుస్తాయి?

ఇంట్లో వైఫై ఉన్నంతవరకు అన్నీ. సూర్యాస్తమయానికి వాకిలి లైటు వెలగాలంటే కూడా నెట్ అక్కర్లేదు. మీ ఇంటి అక్షాంశ రేఖాంశాలు పెడితే హోమ్ అసిస్టెంట్ తనే లెక్కకట్టుకుంటుంది. ఒక్క ఇబ్బంది గడియారం. ఈ చిప్‌లకు సొంత గడియారం ఉండదు, కరెంటు వచ్చాక నెట్ నుంచే టైము తెచ్చుకుంటాయి. నెట్ లేనప్పుడు టాస్మోటా లోపలి టైమర్లను నమ్ముకోకుండా టైము పనులు హోమ్ అసిస్టెంట్‌కే ఇవ్వండి. టాస్మోటాలో టైమ్‌జోన్ +05:30 పెట్టడం మరవకండి.

గీజరు, బోరు మోటరు కలపొచ్చా?

3 కిలోవాట్ల గీజరు 13 ఆంపియర్లు తీసుకుంటుంది. 10 ఆంపియర్ల ప్లగ్ పెడితే ముందు వేడెక్కుతుంది, తర్వాత ప్లాస్టిక్ కరుగుతుంది. 16 ఆంపియర్లది కూడా గంటల తరబడి నిండు లోడు మీద నమ్మను. మోటరు సంగతి ఇంకా కష్టం. స్టార్టయ్యే క్షణంలో మామూలుకన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, చిన్న రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి. ఇక ఆఫ్ అన్నా ఆగదు. రెండింటికీ మధ్యలో తగిన కాంటాక్టర్ (పెద్ద లోడుకు వాడే బలమైన రిలే) పెట్టించండి. మన స్మార్ట్ రిలే కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే నడుపుతుంది, బరువంతా కాంటాక్టర్ మోస్తుంది.

మోటరు రిలేకు టాస్మోటాలో పల్స్‌టైమ్ అనే సెట్టింగు కూడా పెట్టండి. హోమ్ అసిస్టెంట్ మధ్యలో ఆగిపోయినా, వైఫై పోయినా ఆ వస్తువే లెక్కపెట్టుకుని మోటరు ఆపేస్తుంది. 111 దాటిన విలువల్లో 100 తీసేస్తే వచ్చేది సెకన్లు, కాబట్టి అరగంటకు 1900 ఇవ్వాలి.

బోర్డులో న్యూట్రల్ లేదంటున్నారు.

పాత ఇళ్ళలో స్విచ్‌లు మాత్రమే ఉన్న బోర్డుకు ఫేజు ఒక్కటే తెస్తారు. సాకెట్ ఉన్న బోర్డులో న్యూట్రల్ ఉంటుంది. దాన్నుంచి లాగించుకోండి, లేదా స్మార్ట్ రిలేను ఫ్యాన్ గిన్నెలో, సీలింగ్ రోజ్ దగ్గర పెట్టించండి. ఎర్తింగ్ వైరును న్యూట్రల్‌గా వాడే ‘సర్దుబాటు’ ఎవరు చెప్పినా ఒప్పుకోకండి, ప్రాణం మీదికి వస్తుంది.

పెద్దవాళ్ళు పాత స్విచ్‌లే నొక్కుతారు. ఎలా?

అలాగే నొక్కాలి. పాత స్విచ్‌ను మెయిన్స్ నుంచి విడదీసి స్మార్ట్ రిలే స్విచ్ టెర్మినల్‌కు ఇచ్చి, టాస్మోటాలో స్విచ్‌మోడ్ అనే సెట్టింగును 0లో ఉంచండి. ఎటు నొక్కినా లైటు స్థితి మారుతుంది, మెట్ల దగ్గర టూ-వే స్విచ్ లాగా. ఫోన్‌లో ఆర్పినా గోడ దగ్గర వేసుకోవచ్చు. హోమ్ అసిస్టెంట్ లేకపోయినా, వైఫై లేకపోయినా ఇది నడుస్తుంది. బటన్‌ను రిలే నుంచి విడదీసే సెట్టింగులు కూడా ఉన్నాయి, వాటిని ఇంటి లైట్లకు వాడొద్దు.

ఊరికెళ్ళినప్పుడు బయటి నుంచి చూడొచ్చా?

చూడొచ్చు. రౌటర్‌లో పోర్టు మాత్రం తెరవకండి, 1883ను అసలే వద్దు. వైర్‌గార్డ్ లేదా టెయిల్‌స్కేల్ పెట్టుకుంటే ఇంటికి మీకొక సొంత దారి ఏర్పడుతుంది. టాస్మోటా వెబ్ పేజీలకు కూడా పాస్‌వర్డ్ పెట్టండి.

పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చా?

తప్పకుండా. ముందు ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్న పేరు పెట్టి కలపండి, తర్వాత కనబడే పేరును తెలుగులోకి మార్చండి. మొదటే తెలుగు ఇస్తే లోపలి ఐడీని అది ఇంగ్లిష్ అక్షరాల్లోకి తనకు తోచినట్టు మార్చేస్తుంది, ఆటోమేషన్లు రాసేటప్పుడు గుర్తుపట్టలేం. మా అమ్మ ఫోన్‌లో ఇప్పుడు ‘బంగ్లా ట్యాంకు’, ‘వెనక దర్వాజ’, ‘తులసికోట లైటు’ అని కనబడతాయి. పేర్లు మార్చిన రోజు నుంచి ఆమె నన్ను అడగకుండానే వాడుతోంది.

నేను ఇంట్లో లేనప్పుడు ఏదైనా ఆగిపోతే?

ఎంసీబీ పెట్టె తలుపు లోపలి వైపు ఒక కాగితం అతికించండి. రౌటర్ ఎక్కడుందో, హోమ్ అసిస్టెంట్ ఏ పెట్టెనో, ఏది ఆపి ఏది వేయాలో, ఏ ఎంసీబీ ఏ గదికో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. హోమ్ అసిస్టెంట్ బ్యాకప్‌ను వారానికోసారి వేరే డ్రైవ్‌లోకి వెళ్ళేలా పెట్టి, ఆ డ్రైవ్ ఎక్కడుందో కూడా రాయండి. మా ఇంట్లో నేను అతికించిన కాగితం కింద అమ్మ పెన్నుతో ఒక వరుస చేర్చుకుంది: మా కాలనీ ఎలక్ట్రీషియన్ ఫోన్ నంబరు, పక్కనే ‘ఆదివారం రాడు’ అని.